ఎడమ చెవి మీద వేలు

ఫోర్కు ఫాదర్ శ్రద్ధగా వినదలచుకుంటే ఎడమ చెవిలో వేలు పెట్టుకుంటాడు. తల కాస్త వంచి, కళ్ళు మూసి, చూపుడు వేలితో ఎడమ చెవి గట్టిగా మూసి, కుడి చెవిని పాట వైపు తిప్పుతాడు. రెండు చెవులతో వింటే పాట వినిపిస్తుంది, ఒక్క చెవితో వింటే తప్పు వినిపిస్తుంది అని ఆయనకు సంగీతం నేర్పిన ముసలి గురువు చెప్పాడట. ఆ మాట ఈయనకు వేదవాక్కు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన పాఠాలు చెబుతున్న సెమినరీలో చదివి, ఫాదర్లుగా గురుపట్టం పుచ్చుకుని వెళ్ళిన వాళ్ళలో ఎవరిని అడిగినా, ఆ వేలు చెవి వైపు వెళ్తుంటే తమ గొంతు ఎలా ఎండిపోయేదో చెబుతారు.

అంగీ జేబులో ఎప్పుడూ, తట్టితే ఒకే స్వరం పలికే ట్యూనింగ్ ఫోర్కు ఒకటి ఉంటుంది కనుక ఆయనకు ఆ పేరు. ఆ పేరు తనకు తెలియదని ఆయన నటిస్తాడు, నటిస్తున్నాడని విద్యార్థులకు తెలుసు. పొద్దున దైవశాస్త్రం, సాయంత్రం దేవాలయ సంగీతం. "పొద్దున దేవుడి గురించి చెబుతాను, సాయంత్రం దేవుడితో ఎలా మాట్లాడాలో చెబుతాను, మధ్యలో నిద్రపోతాను" అని ఆయనే నవ్వించేవాడు. ఆ మధ్యాహ్నం నిద్ర ఆయనకు మూడో పాఠం లాంటిది, ఎగ్గొట్టడు.

మంగళవారం సాయంత్రం ఆఖరి సంవత్సరం వాళ్ళకు పాట పరీక్ష జరిగింది. గుడి వెనక మేడ మీద, కాళ్ళతో తొక్కే పాత ఆర్గన్ ఉన్న గదిలో పరీక్ష. గాయకబృందం నలభై మందీ బల్లల మీద కూర్చుంటారు, పరీక్షకు వచ్చిన పన్నెండు మందీ ఒక్కొక్కరే లేచి ఆర్గన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, డీకన్, అంటే ఫాదర్ పట్టానికి ముందు మెట్టు మీదివాడు, పూజలో పాడవలసిన వాక్యాలు పాడాలి. కిటికీలోంచి వచ్చిన ఎండ నేల మీద పొడుగ్గా పరుచుకుని, దానిలో దుమ్ము తేలుతోంది. ఆర్గన్ తిత్తి లోపల గాలి నిండినప్పుడల్లా ఎవరో నిట్టూర్చినట్టు శబ్దం వస్తోంది. పదకొండు మంది గట్టెక్కారు. పన్నెండోవాడు పై మెట్టు.

పై మెట్టు అని స్నేహితులు పెట్టిన పేరు. మనిషి పొడుగు, మాట తక్కువ. పాట పైకి వెళ్ళే చోట అందరూ ఆగిన దగ్గర ఆగకుండా ఇంకో వెంట్రుకవాసి పైకి పోతాడని ఆ పేరు. ఫాదర్ ఆధార స్వరం ఇచ్చాడు, వేలు చెవిలో పెట్టుకున్నాడు. పై మెట్టు మొదలుపెట్టాడు. వాక్యం మెల్లగా మెట్లెక్కింది, చివరి మెట్టు మీద ఫాదర్ ముఖం నిమ్మకాయ కొరికినట్టయింది.

"ఎక్కుతున్నావు. మళ్ళీ."

మళ్ళీ పాడాడు.

"ఎక్కుతున్నావు నాయనా. ఆర్గన్ విను."

"వింటున్నాను ఫాదర్."

"వింటే మరి?"

పై మెట్టు నేల చూపులు చూశాడు. చేతులు ఇంకా బిగించి కట్టుకున్నాడు. "పైన ఆర్గనే కిందికి ఉన్నట్టు అనిపిస్తోంది ఫాదర్."

ఫాదర్ చెవిలోంచి వేలు తీశాడు.

"ఓహో. ఆర్గన్ తప్పు. నేను తప్పు. ఈ నలభై మందీ తప్పు. ఒక్క అయ్యగారే ఒప్పు. అంతేనా?"

నలభై మందీ నవ్వారు. నవ్వమన్నట్టే అడిగాడాయన.

"అలా అనలేదు ఫాదర్."

"ఇంకెలా అన్నావు?"

పై మెట్టు చెవుల దాకా ఎర్రబడి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఫాదర్ మార్కుల కాగితం మీద అతని పేరు పక్కన సున్నా వేసి ఊరుకోలేదు, కలం ఇంకా చేతిలో వేడిగా ఉండగానే ఒక మాట రాశాడు: విధేయత లేదు, దిద్దితే దిద్దుబడడు.

సంగీతంలో సున్నా వస్తే కొంపలేం మునగవు. కాని ఆ సెమినరీ పెద్ద రెక్టరు గారు మార్కుల కంటే ముందు పక్కన రాసిన మాటలు చదువుతారు. విధేయత లేదన్న వాడి పేరు డీకన్ పట్టానికి వెళ్ళే జాబితాలో ఉండదు. ఇంటికి వెళ్ళి ఏడాది ఆలోచించుకుని రమ్మంటారు, అలా వెళ్ళిన వాళ్ళలో తిరిగి వచ్చిన వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. జాబితా శుక్రవారం బిషప్ గారికి వెళ్తుంది. ఇదంతా ఫాదర్‌కు తెలుసు. తెలిసే రాశాడు, రాసి హాయిగా భోజనానికి వెళ్ళాడు.

బుధవారం మధ్యాహ్నం ఆయన మామూలుగానే పడుకున్నాడు. కుడి పక్కకు తిరిగి, దిండులో చెంప అదిమిపెట్టి. కిటికీ రెక్క సగం తెరిచి ఉంది. తెర ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బుతోంది. నిద్రకీ మెలకువకీ మధ్య మనిషి బరువు లేకుండా ఉండే ఆ చోట ఆయనకు ఒక పాట వినబడింది.

మగ గొంతు. తోడు వాయిద్యం లేదు. ఎవరో పని చేసుకుంటూ తమకోసం తాము పాడుకునే పాట. నిన్నటి వాక్యాలే అవి, డీకన్ పాడేవే. మెట్టు మెట్టుకీ ఆ గొంతు కాలు మోపిన చోట నేల ఉంది. చివరి మెట్టు మీద స్వరం ఎంత సూటిగా నిలబడిందంటే, ఫాదర్ మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి దిండు తడిసింది. ఇన్నేళ్ళుగా ఇలా ఒక్కడైనా పాడాలనే కదా నేర్పుతున్నాను అనుకున్నాడు. ఆ స్వరం ఎంత కాలం తర్వాత విన్నాడో ఆయనకు గుర్తు రాలేదు.

లేచి కూర్చున్నాడు. పాట మసకబారింది. కళ్ళద్దాలు తీసి చూసినట్టుగా, స్వరానికి అంచులు రెండయ్యాయి. అంతలో ఆగిపోయింది.

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగాడు. వెనక పెరట్లో విద్యార్థులు ఉతికిన బట్టలు ఆరేస్తున్నారు. తాళ్ళ మీద తెల్లని దుప్పట్లు, నల్లని అంగీలు గాలికి చేతులు చాపి ఊగుతున్నాయి. ఫాదర్ దుప్పట్లు తప్పించుకుంటూ, ఒక తెర తర్వాత ఇంకో తెర ఎత్తుకుంటూ వెళ్ళాడు.

"ఇప్పుడు పాడిందెవరు?"

ఒక దుప్పటి వెనక నుంచి పై మెట్టు బయటికి వచ్చాడు. నోట్లో ఉన్న క్లిప్పు తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేనే ఫాదర్. మీరు పడుకునే వేళని మర్చిపోయాను. క్షమించండి."

ఫాదర్ అతన్ని ఎగాదిగా చూశాడు. "పాడు."

అతను భయం భయంగా అందుకున్నాడు. ఫాదర్ వేలు దానంతట అదే ఎడమ చెవిలోకి వెళ్ళింది. చివరి మెట్టు మీద మళ్ళీ అదే నిమ్మకాయ. ఎక్కుతున్నాడు, నిన్నటిలాగే. నిద్రమత్తులో మంచిదని అనుకున్నాను కాబోలు అనుకుని, "సరే, పని చూసుకో" అని ఫాదర్ వెనక్కి వెళ్ళిపోయాడు.

గదిలో మళ్ళీ పడుకున్నాడు. కొంతసేపటికి కింద పాట మొదలైంది, ఈసారి బాగా మెల్లగా. కుడి చెవి దిండులో ఉంది. పాట మచ్చ లేకుండా ఉంది. ఫాదర్ తల ఎత్తాడు, పాట మసకబారింది. తల దించాడు, తేరుకుంది. ఎత్తాడు, దించాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, దైవశాస్త్రంలో పెద్ద చదువు చదివినవాడు, మంచం మీద తల ఆడిస్తూ ఉయ్యాలాట ఆడుతున్నట్టు ఉన్నాడు. ఎవరైనా చూస్తే నవ్వేవాళ్ళు. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు, లేచాడు.

మేడ మీద గదిలో తలుపు గడియ పెట్టుకుని ఆర్గన్ ముందు కూర్చున్నాడు. మొదట ఫోర్కు మోకాలికి తాటించి ఎడమ చెవి దగ్గర పెట్టాడు, తర్వాత కుడి చెవి దగ్గర. ఒకటే స్వరం. గుండె కాస్త కుదుటపడింది. ఆర్గన్ తొక్కుతూ ఆ స్వరం నుంచి ఒక్కో మీటా పైకి నొక్కుతూ పోయాడు, ఒకసారి ఈ చెవి మూసి, ఒకసారి ఆ చెవి మూసి. నాలుగో మీట దాకా రెండు చెవులూ అన్నదమ్ముల్లా ఒకటే మాట చెప్పాయి. అయిదోది నొక్కాడు. కుడి చెవి సరిగ్గా ఉందంది. ఎడమ చెవి, కిందికి జారిందంది. ఆరోదీ అంతే. ఏడోదీ అంతే.

పై స్వరాలు రెండేళ్ళుగా మసగ్గా వినిపిస్తున్నాయి. నిజమే. అందుకే ఎడమ చెవి ఇంకా గట్టిగా మూసి, కుడి చెవితో ఇంకా శ్రద్ధగా వినేవాడు. ఎంత శ్రద్ధగా వింటే అంత తప్పు విన్నాడన్నమాట. ఆయన ఆర్గన్ మూత వేసి దాని మీద తల ఆనించుకున్నాడు. సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది. చెవి పోయిన సంగీతం మాస్టారు ఎవరికి కావాలి?

గురువారం పొద్దున దైవశాస్త్రం తరగతిలో పాఠం, చేసిన పాపాలు ఫాదర్‌తో చెప్పుకునే పాపసంకీర్తనం గురించి. ఇరవై ఆరేళ్ళ నాటి నోట్సు పుస్తకం, అంచులు పసుపెక్కి, మూలలు అరిగి ఉంది. అందులో సైకిలు దొంగ ఉదాహరణ ఉంది. దొంగ వచ్చి, ఫాదర్, సైకిలు దొంగిలించాను, ఏడుస్తున్నాను అంటాడు. ఏడుపు సరే నాయనా, సైకిలు ఏదీ అని అడగాలి. ఏటా ఆ చోట తరగతి నవ్వుతుంది. ఈ ఏడూ నవ్వింది.

ముందు బల్ల మీది కళ్ళద్దాల విద్యార్థి చెయ్యెత్తాడు. ఎప్పుడూ చెయ్యెత్తుతూ ఉండే రకం. "సైకిలైతే తిరిగివ్వచ్చు ఫాదర్. ఒకడి పరువు తీస్తే ఏం తిరిగివ్వాలి?"

ఫాదర్ పుస్తకంలోకి చూశాడు. జవాబు అక్కడే ఉంది, తన చేతి రాతలోనే, ఎర్ర సిరాతో గీత గీసి మరీ. పైకి చదివాడు: "పదిమందిలో తీసినది పదిమందిలోనే తిరిగి ఇవ్వాలి."

వెనక బల్ల మీద పై మెట్టు తల వంచుకుని ఆ వాక్యాన్ని బుద్ధిగా రాసుకుంటున్నాడు. ఫాదర్ నీళ్ళు తాగాడు. గంట కొట్టడానికి ఇంకా పదిహేను నిమిషాలుండగానే పాఠం ముగించాడు, ఆ పుస్తకం చరిత్రలో అది మొదటిసారి.

మధ్యాహ్నం ఆర్గన్ బాగుచేసే ఆయన వచ్చాడు. ఫాదరే కబురు పెట్టాడు. ఆయన లావుపాటి మనిషి, ఆర్గన్ వెనక పలక విప్పి లోపలికి దూరితే బయట నడుము మాత్రం మిగులుతుంది. మాటలన్నీ లోపలి నుంచే వస్తాయి.

"ఏమయ్యా, పై స్వరాలు పలికే ఆ ఇత్తడి రీడ్లు ఎప్పుడైనా సరిచేశావా?"

"నేనే కదా ఫాదర్ గారూ, రెండేళ్ళ కిందట. మీరు ఎక్కువగా ఉన్నాయన్నారు. రీడు మొదలు దగ్గర గీకి స్వరం దించాను. ఇదిగో, ఎప్పుడైనా అడుగుతారని సుద్దముక్కతో గుర్తు కూడా పెట్టుకున్నాను."

"అప్పుడు నీకు ఎక్కువగా వినిపించాయా?"

"నాకా? నాకు బాగానే ఉన్నాయండి."

"మరి చెప్పలేదేం?"

ఆయన బయటికి వచ్చాడు. ముక్కు మీద బూజు అంటుకుని ఉంది. "మీరు వేలు చెవిలో పెట్టుకుని విన్నారండి. అంత శ్రద్ధగా విన్న మనిషికి నేనేం చెప్పను? నా చెవికే ఏదో అయిందేమోనని ఇంటికెళ్ళి రెండు రోజులు నూనె చుక్కలు వేసుకున్నాను."

ఫాదర్ నవ్వలేక నవ్వాడు. "మళ్ళీ పైకి తీసుకురాగలవా?"

"కొసన గీకితే వస్తుంది. ఒక్కొక్కటీ చూసుకుంటూ చెయ్యాలి, రేపు సాయంత్రం దాకా పడుతుంది. మీరు పక్కన కూర్చుని చెబుతారా?"

"నేను రాను. నీ చెవితోనే చెయ్యి."

అదే సాయంత్రం ఫాదర్ చెల్లెలు వచ్చింది. ఆవిడకు వీధి మలుపులో కుట్టు దుకాణం ఉంది. ఏటా పట్టం పుచ్చుకునే వాళ్ళకు తెల్లంగీలు ఆవిడే కుడుతుంది. మెడలో కొలతల టేపు నగలాగా వేలాడుతోంది, అది తీసి పెట్టగా ఎవరూ చూడలేదు.

"అన్నయ్యా, పన్నెండు కొలతలు తీసుకున్నాను. ఆ పొడుగాయనది ఆపమని ఎవరో అన్నారు. బట్ట కత్తిరించనా, వద్దా? ఆయన అంగీకి మామూలు కంటే జానెడు ఎక్కువ పోతుంది."

"నువ్వేమనుకుంటున్నావు?"

"నన్నడుగుతావేం? నీ నోరు కదా చెప్పాల్సింది." ఆవిడ అన్న ముఖం వైపు చూసింది. "ఏమైంది? తిండి తిన్నావా?"

ఫాదర్ చెప్పాడు. చెవి సంగతి, ఆర్గన్ సంగతి, మార్కుల కాగితం మీద రాసిన మాట, అంతా. చిన్నప్పుడు తప్పు చేసి మొదట చెల్లెలికే చెప్పుకున్న అలవాటు ఇంకా పోలేదు. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విని, మెడలోని టేపు తీసి ఒళ్ళో చుట్టసాగింది.

"నా పాత టేపు సాగిపోయింది, గుర్తుందా? బడి పిల్లల యూనిఫాంలు ముప్ఫై జతలు బిగుతుగా కుట్టాను. మీ పిల్లలే లావెక్కారమ్మా అని తల్లులతో గొడవ కూడా పెట్టుకున్నాను."

"తెలిశాక ఏం చేశావు?"

"ఏం చేస్తాను, ఇంటింటికీ వెళ్ళి తప్పు నాదేనని చెప్పి, విప్పి మళ్ళీ కుట్టాను. నోరంతా చేదైపోయింది."

"టేపునేం చేశావు?"

ఆవిడ చుట్టడం ఆపింది. అన్న ఏం అడుగుతున్నాడో అర్థమై చటుక్కున మాట మార్చబోయింది, మార్చలేకపోయింది. "పారేశాను అన్నయ్యా" అంది మెల్లగా. తర్వాత లేచి, ఆయన భుజం మీది దారప్పోగు దులిపింది. "నువ్వు టేపువి కాదులే. నాకు కబురు చెయ్యి, రేపటి దాకా బట్ట కత్తిరించను."

శుక్రవారం రెక్టరు గారు బల్ల మీద కాగితాలు అంచులు కలిపి సర్దుకుంటూ ఫాదర్ చెప్పిందంతా విన్నారు. ఆయన మంచివాడే. గొడవలంటే కిట్టని మంచివాడు.

"ఇందులో ఇంత బాధపడాల్సిందేముంది? ఆ మాట కొట్టేయండి, మార్కు వేయండి. అతని పేరు జాబితాలో చేరుస్తాను. అయిపోయింది."

ఫాదర్ కొట్టేశాడు. కింద మాట కనబడకుండా మూడుసార్లు అడ్డంగా గీసి, పక్కన సంతకం చేశాడు. సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాడు.

"ఇక ఇది మన ఇద్దరి మధ్యే ఉంటుంది" అన్నారు రెక్టరు గారు. "అందరికీ చెప్పుకుంటే ఏమొస్తుంది? చెవి బాగాలేదని తెలిశాక మీకు పాట తరగతి ఇవ్వడం నాకు కష్టమవుతుంది. తెలియకపోతే, ఎవరు అడుగుతారు? అబ్బాయికి అన్యాయం జరగలేదు కదా."

ఫాదర్ మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికైపోయింది. నిజంగానే అన్యాయం లేదు. చెల్లెలికి ఫోను చేసి పన్నెండూ కత్తిరించమన్నాడు. ఇకనుంచి వేలు ఈ చెవికి బదులు ఆ చెవిలో పెట్టుకుంటే చాలు, ఎవరూ గమనించరు. అలా అనుకుంటూ నడవాలో నడుస్తుంటే ఎదురుగా పై మెట్టు వచ్చాడు. అతను గోడ వైపు ఒదిగి, దారి ఇచ్చి, తల వంచాడు. అతని వెనకే వస్తున్న ఇద్దరు గాయకబృందం వాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఒకడు మెల్లగా అన్నాడు: "ఒక్క అయ్యగారే ఒప్పు."

అది ఫాదర్ మాటే. ఆయన మంగళవారం అన్నది నాలుగు రోజులుగా ఆ నడవాల్లో ఇంకా తిరుగుతోంది. ఆ తేలిక అక్కడితో సరి.

శనివారం సాయంత్రం గాయకబృందం అభ్యాసం. అదే ఎండ, అదే దుమ్ము. ఫాదర్ సరిచేసిన ఆర్గన్ ముందు కూర్చుని ఏమీ చెప్పకుండా ఆధార స్వరం ఇచ్చి, తోడుగా వాయించాడు. నలభై గొంతులు మెట్లెక్కి, చివరికి వచ్చేసరికి ఆర్గన్ ఒక మెట్టు మీద, గొంతులు దాని కింద ఉండిపోయాయి. ఎవరికీ ఏమైందో అర్థం కాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో ఒక్క గొంతు మాత్రం ఆర్గన్‌తో కలిసి నిలబడి ఉంది. ఆ గొంతు కూడా భయపడి ఆగిపోయింది.

ఫాదర్ లేచాడు.

"మంగళవారం ఈ గదిలో మీ అందరి ముందు ఒక మాట అన్నాను. ఆర్గన్ తప్పా, నేను తప్పా, నలభై మందీ తప్పా అని. అవును, అందరం తప్పే. నా కుడి చెవి చెడిపోయింది. నాకు తెలియలేదు. దాన్ని నమ్మి ఆర్గన్‌ని చెడగొట్టాను, ఆర్గన్‌ని నమ్మి మీరు చెడ్డారు. రెండేళ్ళుగా సరిగ్గా పాడుతున్నది ఒక్కడే. అతన్ని మీచేత నవ్వించాను, మొండివాడని కాగితం మీద రాశాను. ఆ మాట నిన్న కొట్టేశాను. కాని నవ్వింది ఇక్కడ కనుక ఇక్కడ చెబుతున్నాను."

ఆర్గన్ తిత్తిలో మిగిలిన గాలి మెల్లగా బయటికి పోయింది. ముందు బల్ల మీది కళ్ళద్దాల విద్యార్థి చెయ్యి ఎత్తబోయి దించేసుకున్నాడు.

"నువ్విలా రా" అన్నాడు ఫాదర్. పై మెట్టు బల్లల మధ్య నుంచి వచ్చాడు. ఆయన పక్కన నిలబడబోతుంటే, "అక్కడ కాదు. ఇక్కడ, నా చోట" అని కుర్చీ చూపించాడు. "పై స్వరాల్లో నా చెవుల్ని నేనిక నమ్మలేను. నువ్వు విను. ఎవరిది ఎక్కడ జారుతోందో చెప్పు. ముందు నాతో మొదలుపెట్టు."

"మీరా ఫాదర్?"

"ఈ గదిలో అందరికంటే ఎక్కువ కాలం తప్పు పాడింది నేనే కదా."

ఆయన జేబులోంచి ఫోర్కు తీసి మోకాలికి తాటించి ఆధారం పట్టుకున్నాడు. దాన్ని ఆర్గన్ మూత మీద పెట్టేశాడు. పరీక్షకు వచ్చినవాళ్ళు నిలబడే చోట నిలబడ్డాడు. వేలు అలవాటుగా ఎడమ చెవి దాకా వెళ్ళి, గాలిలో ఆగింది, ఆ చెయ్యి దించి రెండో చెయ్యి ఎత్తాడు. కుడి చెవి మూసుకున్నాడు. కళ్ళు మూసుకుని పాడాడు.

ఎన్నో ఏళ్ళు పాడిన గొంతు కనుక వాక్యం హాయిగా సాగింది. ఒక్కో మెట్టూ ఎక్కింది. చివరి దాని మీద, రెండేళ్ళ అలవాటున, కాస్త ముందే ఆగిపోయింది. తన ఎడమ చెవికే ఆ సంగతి లీలగా తెలిసింది, కాని ఎంత జారిందో తెలియలేదు. కళ్ళు తెరిచి చూశాడు.

పై మెట్టు ఆర్గన్ మీటల వైపు చూస్తున్నాడు. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడుతున్నాడు. అతను పెదవులు తడుపుకున్నాడు, తల ఎత్తలేదు.

"చెప్పు నాయనా" అన్నాడు ఫాదర్.

"కొంచెం కింద ఉంది ఫాదర్."

"ఎంత?"

అతను జవాబుగా ఆ మీట నొక్కి పట్టుకున్నాడు. స్వరం గదంతా నిండి, ఎండలోకి వెళ్ళి నిలబడింది. అప్పుడు తల ఎత్తి, మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాడు.

"మళ్ళీ పాడండి."

ఫాదర్ చేతులు కట్టుకుని మొదటి నుంచి అందుకున్నాడు.